అమ్మ బొమ్మల గురించి ఎవరూ మాట్లాడలేదు

అమ్మ పోయాక ఆమె గురించి ఒక పేజీ రాసి అచ్చు వేయిద్దామని మావయ్య అన్నాడు. మొదటి ప్రతి ఆయనే రాసి పంపాడు. ప్రేమగా రాశాడు, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె ఓర్పు, ఇంటికి ఎవరొచ్చినా ఆదరించే గుణం, మా చదువుల కోసం పడ్డ శ్రమ, మంచాన పడ్డ నాన్నమ్మకు చేసిన సేవ, అన్నీ ఉన్నాయి. చివరి పేరాలో ఒక వాక్యం: "ఇన్ని బాధ్యతల మధ్య కూడా తీరిక చేసుకుని చక్కటి బొమ్మలు వేసేది." పెళ్లికి ముందు మొదలుపెట్టి చివరి నెల దాకా అమ్మ చేసిన పనంతా ఆ ఒక్క వాక్యంలో సర్దుకుపోయింది.

మావయ్య మీద కోపం రాలేదు. కానీ ఆ వాక్యం దగ్గర మనసు ఆగిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ల మాటలు ఆ తర్వాత కాస్త జాగ్రత్తగా విన్నాను. "మీ కోసం ఎంత త్యాగం చేసిందో మీకు తెలీదు" అన్నవాళ్లున్నారు. "పెళ్లీ పిల్లలూ లేకపోతే పెద్ద ఆర్టిస్ట్ అయ్యేది" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లందరూ కూర్చున్నది అమ్మ బొమ్మలున్న గదిలోనే. వాటిలో ఫలానా బొమ్మ నాకు ఇష్టమనో, ఫలానాది నాకు అర్థం కాలేదనో ఒక్కరూ అనలేదు. చచ్చిపోయిన ఒక లెక్కల టీచరు గురించి మాట్లాడేటప్పుడు ఆయన పాఠం ఎలా చెప్పేవాడో ఎవరో ఒకరు ఎత్తుతారు. అమ్మ విషయంలో ఆ పాటి కూడా జరగలేదు.

బొమ్మలు వేసిన తల్లిని తలచుకోవడమంటే ముందు ఆ బొమ్మలు చూడాలి. చూసి, వాటి మీద ఒక అభిప్రాయానికి రావాలి. కుదిరినదాన్ని కుదిరిందని, కుదరనిదాన్ని కుదరలేదని చెప్పగలగాలి. త్యాగం చేసింది అనేస్తే ఈ పనంతా తప్పిపోతుంది, అందుకే ఆ మాట అందరి నోటా అంత తేలిగ్గా వస్తోందని నా అనుమానం. ఇది మా ఇంటి సంగతి మాత్రమే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

తీరిక వేళల పని కాదు

అమ్మ ఎక్కువకాలం నీటిరంగులే వేసింది. చివరి దశలో ఆయిల్‌కి వచ్చింది. నీటిరంగుల్లో ఒక పెద్ద వాష్, అంటే పలచటి రంగునీళ్లను కాగితం మీద పరవడం, మొదలుపెడితే మధ్యలో లేవడం కుదరదు. కాగితం తడిగా ఉండగానే కింది దాకా లాగాలి. ఆగితే ఆగిన చోట గట్టి అంచు కట్టేస్తుంది. సగం ఆరిన చోట మళ్లీ తడి బ్రష్ తగిలితే నీళ్లు రంగును తోసుకుంటూ పోయి వంకరటింకర మరక పడుతుంది. ఆ మరకను ఇక ఏం చేసినా పూర్తిగా తీయలేం. నూనెరంగుల్లో అయితే గీకేసి మళ్లీ వేసుకోవచ్చు, ఇక్కడ ఆ అవకాశం చాలా తక్కువ.

అందుకే చిన్నప్పుడు మేం ఎక్కువగా విన్న మాట, "ఉండు, తడి ఆరనీ."

ఒకసారి మోకాలు గీరుకుపోయి ఏడుస్తూ గుమ్మం దగ్గరికి వచ్చాను. అమ్మ తల తిప్పి చూసింది. "రక్తం ఆగిందా?" అంది. ఆగింది. "అయితే అక్కడే కూర్చో, వస్తున్నా." ఆకాశం వేస్తోంది. బోర్డు కొంచెం ఏటవాలుగా పెట్టి ఉంది. బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లినప్పుడల్లా దాని కింద రంగునీళ్లు ఒక సన్నటి కట్టలా నిలబడేవి. తర్వాతి గీత ఆ కట్టను అందుకుని కిందికి దింపేది. పైన ముదురు నీలం, దిగేకొద్దీ పలచన. చివరికి కాగితం అడుగున చుక్కలుగా చేరిన నీళ్లను బ్రష్ పిండేసి ఆ పొడి మొనతో పీల్చింది. అప్పుడు లేచి వచ్చి నా మోకాలు కడిగింది. ఈ సంఘటనను ఎవరి సంతాప ప్రసంగంలోనూ పెట్టలేం. అందులో ఓర్పుగల తల్లి కనపడదు, త్యాగమూ కనపడదు. కానీ నాకు తెలిసిన అమ్మ అచ్చంగా అదే. ఏడుస్తున్న బిడ్డను చూసింది, ప్రమాదం లేదని నిర్ధారించుకుంది, చేతిలో పని పూర్తి చేసింది, వచ్చింది.

మావయ్య వాక్యంలో నాకు అడ్డం పడ్డది ఇక్కడే. తీరిక చేసుకుని వేసే బొమ్మల పద్ధతి వేరు. అమ్మ ఉదయపు వెలుతురును ముందే తన పనికి కేటాయించుకునేది. మిగిలిన రోజును మిగిలిన పనులకు పంచేది. ఆ పద్ధతి కాపాడుకోవడానికి కొందరికి మొహం మీదే కాదని చెప్పింది, కొన్ని పిలుపులకు వెళ్లలేదు, చుట్టాల్లో మాటలు పడింది. ఆమెను తలచుకోవాలంటే ఆ మొండితనాన్ని కూడా తలచుకోవాలి. అది తీసేసి ఓర్పు ఒక్కటే ఉంచితే, నాకు తెలియని ఇంకెవరి గురించో చదువుతున్నట్టుంటుంది.

మరణపత్రంలో వృత్తి లేదు

ఇది ఒక్క కుటుంబానికి పట్టిన అలవాటు కాదు. ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మొరిసో సంగతే చూడండి. ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల బృందం 1874 నుంచి 1886 దాకా ఎనిమిది ప్రదర్శనలు పెడితే ఏడింటిలో ఆమె బొమ్మలున్నాయి. లేనిది 1879లో, కూతురు జూలీ పుట్టిన మరుసటి ఏడు. 1880కల్లా మళ్లీ వచ్చేసింది. 1895 మార్చిలో, జూలీకి జబ్బు చేస్తే సేవ చేసి, తనే జబ్బు పడి చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో వృత్తి లేదని రాశారు. సమాధి మీద, చిత్రకారుడు ఎడ్వార్ మానే తమ్ముడు యూజీన్ మానే వితంతువుగానే ఉంది.

ఆమె బొమ్మల్లో లోకానికి బాగా తెలిసినది ఉయ్యాల బొమ్మ, 1872లో వేసింది. పలచటి తెర వెనక పాప నిద్రపోతుంటే పక్కన కూర్చున్న తల్లి చెంపకు చెయ్యి ఆనించి చూస్తుంటుంది. మాతృత్వానికి గుర్తుగా ఆ బొమ్మను వాడుకోనివాళ్లు లేరు. ఆ తల్లి ఎవరో తెలిశాక నాకు బొమ్మే మారిపోయింది. ఆమె బెర్త్ అక్క ఎడ్మా. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి చిత్రకళ నేర్చుకున్నారు, ఇద్దరూ చిత్రకారుడు కోరో దగ్గర శిష్యరికం చేశారు, ఇద్దరి బొమ్మలూ ప్రదర్శనలకెక్కాయి. 1869లో పెళ్లయ్యాక ఎడ్మా బొమ్మలు వేయడం దాదాపు మానేసింది. అంటే ఉయ్యాల దగ్గర కూర్చున్నది బ్రష్ పక్కన పెట్టేసిన చిత్రకారిణి. ఆమెను చూసి వేస్తున్నది పెట్టెయ్యని చెల్లెలు. ఆ చూపులో ప్రేమ ఒక్కటే ఉందో, అలసట కూడా ఉందో నేను తేల్చి చెప్పలేను. బెర్త్ కూడా తేల్చలేదు. ఆ తేల్చకపోవడం వల్లే అది గొప్ప బొమ్మ అయిందని నా నమ్మకం.

చనిపోయే ముందు బెర్త్ కూతురికి రాసిన ఉత్తరం ఒకటుంది. చనిపోతూ కూడా నిన్ను ప్రేమిస్తున్నాను, పోయాక కూడా ప్రేమిస్తాను అని పదహారేళ్ల పిల్లకు రాసింది. అదే ఉత్తరంలో, తోటి చిత్రకారుడు దెగా మ్యూజియం పెడితే ఎడ్వార్ మానే బొమ్మ ఒకటి ఎంచుకోమని చెప్పు, చిత్రకారులు మోనెకీ రెన్వార్‌కీ గుర్తుగా ఏమైనా ఇవ్వు అని కూడా రాసింది. తల్లి మాట, చిత్రకారిణి మాట ఒకే కాగితం మీద, ఒకే ఊపిరిలో ఉన్నాయి. ఆమెకు ఆ రెంటినీ విడదీయాల్సిన అవసరం రాలేదు. విడదీసి ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా రాసుకునేది తర్వాతివాళ్లమే.

మరుసటి ఏడు, 1896 మార్చిలో, పారిస్‌లో ద్యురాన్-రుయెల్ గ్యాలరీలో ఆమె బొమ్మలు నాలుగు వందలకు దగ్గరగా పెట్టారు. దెగా, మోనె, రెన్వార్, కవి మలార్మే కలిసి వాటిని సర్దారు. డ్రాయింగులున్న ఒక స్క్రీన్ ఎక్కడ పెట్టాలన్న దాని మీద దెగాకీ మిగతావాళ్లకీ వాదన పెరిగి దెగా అలిగాడు. జూలీ అదంతా తన డైరీలో రాసుకుంది. ఆ గొడవ గురించి చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఏ డ్రాయింగ్ ఎక్కడ ఎలా కనపడాలన్న దాని కోసం స్నేహితులు కొట్లాడుకున్నారంటే అంతకన్నా గౌరవం ఏముంటుంది?

అక్క అన్న మాట

ఇదంతా అక్కతో అంటే అక్క ఒప్పుకోలేదు. "నీకు ఆర్టిస్ట్ కావాలి. నాకు అమ్మ చాలు. నాకు గుర్తున్నది అమ్మ చెయ్యి, అమ్మ గొంతు. వాటిని పక్కన పెట్టి నేను బొమ్మల మీద అభిప్రాయాలు ఎందుకు చెప్పాలి?" అంది. ఇంకో మాట కూడా అంది, అది ఇంకా బరువైనది: "ఆ గది తలుపు మూసి ఉన్నప్పుడు బయట కూర్చున్నది నేను. నిన్ను ఆడించింది నేను."

దీనికి నా దగ్గర తేలిగ్గా చెప్పే జవాబు లేదు. పెద్దపిల్లగా అక్క మోసిన బరువు నిజం. అమ్మ ఉదయాలు అమ్మవి కావడానికి అక్క ఉదయాలు కొన్ని ఖర్చయ్యాయి. అమ్మ మొండితనాన్ని నేను మెచ్చుకుంటూ రాసినప్పుడల్లా ఆ లెక్క అక్క ఖాతాలో పడుతోందన్నది గుర్తుంచుకోవాలి. అమెరికన్ చిత్రకారిణి ఆలిస్ నీల్ జీవితం చదివినప్పుడు కూడా ఇదే ఇబ్బంది కలిగింది. 1930లో భర్త వాళ్ల చిన్నపిల్ల ఇసబెటాను క్యూబా తీసుకెళ్లి తన కుటుంబం దగ్గర ఉంచేశాడు, పిల్ల అక్కడే పెరిగింది. ఆ దెబ్బకు నీల్ మానసికంగా కుప్పకూలి ఆసుపత్రి పాలైంది. తర్వాత కోలుకుని, నాలుగు దశాబ్దాల పాటు మనుషుల ముఖాలు వేసి, 1974లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శన దాకా వచ్చింది. ఆ చిత్రాల గొప్పతనం ఆ పిల్ల పోగొట్టుకున్నదాన్ని చెరిపెయ్యదు. చెరిపేస్తుందని ఎవరైనా రాస్తే నేను నమ్మను.

అయితే అక్క మాటల్లోనే నాకు ఒక దారి కనపడింది. తలుపు బయట కూర్చున్నానని చెప్పగలిగింది అంటే అక్కకు తలుపు లోపల ఏదో పెద్ద పని జరుగుతోందని తెలుసు. త్యాగం కథలో ఆ తలుపే లేదు. ఆ కథ ప్రకారం అమ్మ తనకంటూ ఏమీ ఉంచుకోలేదు, అన్నీ మాకే ఇచ్చేసింది. అలాగైతే అక్క బాధ ఎక్కడి నుంచి వచ్చినట్టు? అక్క కోపంలో అమ్మ పనికి దక్కిన విలువ ఆ పొగడ్తల్లో దక్కలేదు. ఈ మాట అక్కతో అన్నాను. ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం అటకమీది ఫోల్డర్లు దింపడానికి తనే నిచ్చెన పట్టుకుంది.

వెలిసిపోయిన గులాబి

ఫోల్డర్లు తెరిచాక తెలిసిన విషయం ఒకటి. మా ఇంట్లో అందరికీ ఇష్టమైన గులాబి పూల బొమ్మ ముందు గదిలో, కిటికీకి ఎదురుగా, అందరికీ కనపడే చోట ఉండేది. అదే రోజుల్లో అదే రంగులతో వేసిన ఇంకో పూల బొమ్మ ఫోల్డర్లో దొరికింది. రెండూ పక్కపక్కన పెడితే గుండె జారిపోయింది. ఫోల్డర్లోని పూలు నిండు ఎరుపు. గోడ మీదివి పాలిపోయి, ఆకులు మాత్రం మిగిలాయి. అమ్మ ఆ రోజుల్లో అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు ఎక్కువ వాడేది. పలచగా వేసిన చోట ఆ రంగు వెలుతురుకు నిలబడదు, ఏళ్ల మీద వెలిసిపోతుంది. బర్న్ట్ సియెన్నా అనే గోధుమరంగు, అల్ట్రామెరీన్ అనే నీలం లాంటివి ఆ వెలుతురునే తట్టుకుంటాయి. అందుకే పూలు పోయి నీడలు మిగిలాయి. ఎక్కువ ప్రేమించి ఎదురుగా పెట్టుకున్న బొమ్మే ఎక్కువ పాడైంది.

కాబట్టి ప్రేమకు తోడు కాస్త తెలివిడి కావాలి. అమ్మ చివరి కాన్వాస్ ఈజిల్ మీదే ఉంది. దానికి వెంటనే వార్నిష్ పూసి, గాజు ఫ్రేమ్ కట్టించి, ఫొటో పక్కన పెడదామని పిన్ని అంది. వద్దన్నాను. నూనెరంగు నీళ్లు ఆవిరైనట్టు ఆరదు. రంగులో ఉన్న అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. పైపొర కొన్నాళ్లలో చేతికి అంటకుండా అవుతుంది, మందంగా వేసిన చోట లోపల నెలల తరబడి మెత్తగా ఉంటుంది. మామూలు వార్నిష్‌కి ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు. అమ్మ కత్తితో మందంగా పెట్టిన తెల్లరంగును పక్కగా గోటితో నొక్కి చూశాను, ఇంకా లోపలికి దిగుతోంది. పిన్నికి చూపించాను. "అంటే ఇది ఇంకా అవుతూనే ఉందా?" అంది. అవుతూనే ఉంది పిన్నీ, అన్నాను.

పాత బొమ్మల మీది దుమ్మును తడిగుడ్డతో తుడవబోయిన వాళ్లను కూడా ఆపాల్సి వచ్చింది. ఆ మాత్రం జాగ్రత్తలు ఎక్కడైనా దొరుకుతాయి, మళ్లీ రాయను.

వెనక రాసిన మాటలు

ప్రతి బొమ్మకూ ముందువైపు ఒక ఫొటో, వెనకవైపు ఒక ఫొటో తీస్తున్నాం. వెనకవైపు ఎందుకని మావయ్య అడిగాడు. డచ్చి చిత్రకారిణి జూడిత్ లేస్టర్ కథ చెప్పాను. పదిహేడో శతాబ్దంలో పేరున్న మనిషి. 1636లో ఇంకో చిత్రకారుణ్ణి పెళ్లాడాక ఆమె పేరుతో వచ్చిన పని బాగా తగ్గింది. చనిపోయాక ఆమె బొమ్మలు అదే కాలపు ప్రసిద్ధ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరు మీద, భర్త పేరు మీద చలామణి అయ్యాయి. 1893లో ఒక పండితుడు, హాల్స్‌ది అనుకుంటున్న బొమ్మ మీద ఆమె పొడి అక్షరాలూ పక్కన చిన్న నక్షత్రమూ గుర్తుపట్టాకే ఆమె మళ్లీ లోకంలోకి వచ్చింది. రెండు వందల ఏళ్లకు పైగా ఆమెను కాపాడింది ఆ చిన్న గుర్తు. మావయ్య ఇంకేం మాట్లాడకుండా బొమ్మలు తిప్పి పట్టుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మ సంతకం చేసేది గానీ అన్నిటి మీదా కాదు. నచ్చిన వాటి మీదే. ఇది మాకు ముందు తెలీదు, వరసగా చూస్తుంటే తేలింది. కొన్నిటి వెనక పెన్సిల్‌తో తనకోసం రాసుకున్న మాటలున్నాయి: "ఎడమ నీడ చల్లగా ఉండాలి." "గోడ బాగుంది, మనిషి బాలేదు." "మళ్లీ వేయకు." ఆమె తన పనిని ఎంత నిర్దాక్షిణ్యంగా చూసుకుందో అప్పుడు అర్థమైంది. వేసినవాళ్లే అంత కఠినంగా తూచుకున్నప్పుడు మనం అన్నిటినీ "చక్కటి బొమ్మలు" అనేస్తే, ఆమె చూపును మనం లెక్కలోకి తీసుకోలేదన్నమాటే.

నిజంగా బాగున్నవి ఏవి? నా లెక్కలో, ఎవరూ లేని గదుల బొమ్మలు. తెరిచిన తలుపు, నేల మీద పడ్డ ఎండ పలక, ఎవరో లేచి వెళ్లిన కుర్చీ. వాటిలో అమ్మ నల్లరంగు ఎక్కడా వాడలేదు. చీకటి మూలల్ని సియెన్నా, నీలం కలిపి తెచ్చింది, అందుకే ఆ మూలలు మూసుకుపోకుండా ఊపిరి పీలుస్తుంటాయి. మేం ఉన్న బొమ్మలు అంత బాగా రాలేదు. మమ్మల్ని వేసేటప్పుడు ఆమె చెయ్యి జాగ్రత్తపడింది, ముఖం పోలిక వస్తే చాలనుకుని ఆగిపోయింది. ఖాళీ గదుల ముందు ఆ భయం లేదు. తల్లిగా మమ్మల్ని ఎంత ప్రేమించిందో ఆ బలహీనమైన బొమ్మలే చెబుతాయని అక్క అంటుంది. కావచ్చు. అయినా అవి బలహీనమైనవే.

జర్మన్ చిత్రకారిణి పౌలా మోడర్సోన్-బెకర్ 1907 నవంబరులో, బిడ్డ పుట్టిన మూడు వారాలు తిరక్కుండా, 31 ఏళ్లకే చనిపోయింది. ఆ బిడ్డ మటిల్డెకు అమ్మ ఓర్పు గురించి చెప్పుకోవడానికి ఒక్క జ్ఞాపకమైనా ఉండే వీలు లేదు. ఆమెకు మిగిలినవి బొమ్మలూ, ఉత్తరాలూ. 1978లో ఆ కూతురే తల్లి పేరిట ఫౌండేషన్ పెట్టింది. మాకు జ్ఞాపకాలు బోలెడున్నాయి. వాటితోనే సరిపెట్టుకునే ప్రమాదం కూడా మాకే ఎక్కువ.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న గొడవ ఇది. దగ్గరివాళ్లను పిలిచి కొన్ని బొమ్మలు చూపించాలనుకుంటున్నాం. అక్కనూ నన్నూ పక్కపక్కన కూర్చోబెట్టి వేసిన బొమ్మ ఉండాలని అక్క పట్టు. దాని వెనక "మనిషి బాలేదు" అన్న మాట ఉంది, సంతకం లేదు. అమ్మ వద్దనుకున్నదాన్ని అమ్మ పేరుతో పెట్టకూడదని నా వాదన. "వద్దనుకుంటే చింపేసేది కదా, దాచింది" అంటుంది అక్క. చింపేసినవి కొన్ని ఉన్నాయని మా ఇద్దరికీ తెలుసు, కాబట్టి ఆ వాదనలో బలం ఉంది. మావయ్య మధ్యేమార్గంగా, దాన్ని గోడకు తగిలించకుండా బల్ల మీద పెడదాం, వెనక రాసింది కూడా కనపడేలా పక్కన ఫొటో పెడదాం అన్నాడు. అక్క ఇంకా ఒప్పుకోలేదు. నేనూ పూర్తిగా ఒప్పుకోలేదు.